కర్టెన్‌లో కుట్టిన వైరు

మా ఆయన టైలరు. మనుషుల పేర్లు ఆయనకి గుర్తుండవు, కొలతలు గుర్తుంటాయి. "ఇందాక ముప్పై నాలుగు వచ్చి వెళ్ళాడే, కుడి భుజం కాస్త జారి ఉంటుందే, ఆయన," అంటారు. నేను బుర్ర బద్దలు కొట్టుకోగా కొట్టుకోగా అది ఎదురింటి లెక్కల మాస్టారని తేలుతుంది. పెళ్ళయిన కొత్తలో నన్ను తేరిపార చూసి ఆయన అన్న మొదటి మెచ్చుకోలు మాట, "నీ చేతులు రెండూ ఒకటే పొడవు. లక్షల్లో ఒకరికి ఉంటాయిలా." దానికి సిగ్గుపడాలో ఏడవాలో తెలియక పదహారేళ్ళుగా అలాగే ఉండిపోయాను.

వేలాడే దారం కంటపడితే ఆయన ప్రాణం ఊరుకోదు. ఒకసారి నూట మూడు జ్వరంతో ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి "గట్టిగా ఊపిరి పీల్చండి" అంటున్నారు డాక్టరు గారు. ఈయన పీల్చడం మానేసి, డాక్టరు గారి కోటు చేతి అంచు పట్టుకుని, బయటికొచ్చిన దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికేశారు. డాక్టరు గారు ఒక్క గెంతు గెంతారు. నేను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ మీదున్న కళ్ళ పరీక్ష అక్షరాలు కింది వరుస దాకా చదివాను.

అలాంటి మనిషికి ఇంట్లో ఇంటర్నెట్ వైరు లాగే పని అప్పగించిన తెలివిగలదాన్ని నేనే. తప్పలేదు లెండి.

కోర్టు పక్కన టైపు షాపులో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను నేను. అర్జీలు, ఒప్పందాలు, తగాదాలు, రాజీలు అన్నీ నా వేళ్ళలోంచే పోయాయి. తర్వాత షాపు మూతపడింది. ఇంట్లో ఊరికే కూర్చుని దిగులు పడుతుందని ఆయన నా చేతికి సూది ఇచ్చారు. కాజాలు కుట్టాలి, గుండీలు వేయాలి. ఎనిమిది నెలలు వేశాను. మొగుడే యజమాని అయిన ఉద్యోగం పగవాళ్ళకి కూడా వద్దు. నేను కుట్టిన కాజాని ఆయన కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక్క మాటా అనకుండా, సన్నగా ఒక నిట్టూర్పు విడిచి పక్కన పెట్టేవారు. నాలుగు తిట్టినా బాగుండేది.

అలా ఉండగా ఈ పని దొరికింది. కాలేజీలో వినికిడి లేని విద్యార్థులు ఉంటారు కదా, క్లాసులో లెక్చరరు మాట్లాడుతుంటే ఆ మాటలు ఇక్కడ నా చెవిలో వినిపిస్తాయి. విన్నది విన్నట్టు నేను టైపు చేస్తే, అక్కడ ఆ విద్యార్థి ముందున్న తెర మీద అప్పటికప్పుడు అక్షరాలై కనిపిస్తాయి. మాట్లాడేది ఎవరో ముందు రాసి, తర్వాత వాళ్ళ మాట రాయాలి. సూపర్‌వైజరమ్మ మొదటి రోజే చెప్పింది. "ఏది ముఖ్యమో, ఏది కాదో మీరు తేల్చకండి. చెవిన పడిందల్లా తెర మీద పడాలి. ఎవరైనా దగ్గితే, దగ్గారని రాయండి." నాకు అప్పగించింది రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయిని. ఆ పిల్ల మొహం కూడా నేను చూడలేదు. కానీ మొదటి రోజు కీబోర్డు ముందు కూర్చోగానే, ఎనిమిది నెలలు సూదిపోట్లు తిన్న నా వేళ్ళకి ప్రాణం లేచొచ్చింది. ఏడుపొచ్చింది కూడా, ఎందుకు దాచాలి.

రెండు వారాలు ట్రయల్. అందులో మొదటి వారంలోనే లైను రెండుసార్లు తెగింది.

తెగదా మరి! మేం అద్దెకుండేది మేడ మీద రెండు గదులు, ఓ చిన్న వంటిల్లు. ముందు గది ఆయన కొట్టు. మిషన్లు, కత్తిరించే బల్ల, బట్టలతో కడుపు పగిలేలా నిండిన రెండు ఇనప బీరువాలు అన్నీ అందులోనే. ఇంటర్నెట్ పెట్టె కూడా ఆ గదిలోనే, కిటికీ పైన. నేను కూర్చునేది వెనక గదిలో, తలుపు మూసుకుని. ముందు గదిలో కూర్చుందామంటే మిషను చప్పుడు, వచ్చేపోయేవాళ్ళ సొద. వైఫై ఆ బీరువాల్నీ, ఆ గోడనీ దాటి నా దగ్గరికి వచ్చేసరికి దాని తల ప్రాణం తోకకి వచ్చేది.

రెండోసారి తెగినప్పుడు నలభై సెకన్లు పోయాయి. సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసింది. ఆవిడ కోప్పడలేదు, అదే భయం వేసింది. "మీ టైపింగ్‌కి నేను వంక పెట్టను. కానీ మీరు ఆగితే ఆ అమ్మాయికి క్లాసే ఆగిపోతుంది. గురువారం పదకొండింటి క్లాసు నేనూ చూస్తాను. ఆలోగా వైరు వేయించుకోండి. ఆ రోజు తెగితే మాత్రం వేరేవాళ్ళకి ఇచ్చేయాల్సి వస్తుంది," అంది. అంటే గురువారం దాటితే ఉద్యోగం, దాటకపోతే కాజాలు.

ఇంటర్నెట్ మనిషిని పిలిచాం. ఆయన గోడని ఒకసారి తట్టి చూసి, "ఏముందండీ, ఇక్కడో చిల్లు, అక్కడో నాలుగు మేకులు, పది నిమిషాల పని," అంటూ సంచిలోంచి డ్రిల్లు మిషను తీశాడు. ఆ మిషను గుర్రుమందో లేదో, కింద ఉండే ఇంటావిడ మెట్లెక్కి గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఆ వయసులో ఆ మెట్లు అంత వేగంగా ఎలా ఎక్కిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

"ఎవరా చప్పుడు చేసింది?" అంది.

"చిన్న చిల్లేనమ్మా, వైరు కోసం," అన్నాడు ఆ మనిషి.

"చిన్నదా? ఇలా రా." అతన్ని చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళింది. "ఇది చూశావా, సున్నం పూసి కప్పిన మచ్చ? బ్యాంకు గుమాస్తా వాళ్ళది. అద్దం పెట్టుకుంటామన్నారు, చిన్నదే అన్నారు. ఇది కవల పిల్లల తల్లిది. ఇదిగో, ఈ మూడూ సంగీతం నేర్పేవాడివి. అందరూ చిన్నదే అన్నారు. పదిహేడు చిల్లులు పూడ్చాను నాయనా ఈ గోడలకి. పద్దెనిమిదోది నా ఒంట్లో ఊపిరుండగా పడదు. మేకు వద్దు, చిల్లు వద్దు, రంగు ఊడిపోతుంది కాబట్టి టేపు కూడా వద్దు."

ఇంటర్నెట్ మనిషి డ్రిల్లు సంచిలో పెట్టేసుకున్నాడు. సరిగ్గా అప్పుడు మా ఆయన మెడలో వేలాడుతున్న కొలతల టేపు తీసి, "అమ్మగారూ, మీ గోడ ముట్టుకోకుండా నేను లాగుతాను," అన్నారు.

"ముట్టుకోకుండా ఎలా లాగుతావు?"

"కుడతాను," అన్నారు.

ఇంటావిడ నావైపు చూసింది. నేను ఇంకెక్కడో చూశాను.

ఆ సాయంత్రం నుంచి ఆయన మా ఇంటికి కొలతలు తీశారు. మాటవరసకి చెప్పడం లేదు, నిజంగా తీశారు. కొట్టు పుస్తకంలో కొత్త పేజీ తిప్పి పైన "ఇల్లు" అని రాసుకున్నారు. కిటికీ పైభాగానికి 'భుజం' అనీ, గుమ్మానికి 'మెడ' అనీ, గుమ్మం నుంచి నా బల్ల దాకా ఉన్న నేలకి 'కాలు పొడవు' అనీ పేర్లు పెట్టారు. నేను దీపం పట్టుకుని వెంట తిరిగాను. "ఊపిరి బిగపట్టకు, మామూలుగా ఉండు," అన్నారు గోడతోనో నాతోనో.

ఆయన పథకం వింటే మొదట నవ్వొచ్చింది, తర్వాత దీపం కింద పెట్టి మళ్ళీ చెప్పమన్నాను. కిటికీలకీ గుమ్మానికీ కర్టెన్ కడ్డీలు ఎటూ ఉన్నాయి. అవి ఇంటావిడే పెట్టించినవి, వాటి జోలికి ఆవిడ రాదు. పెట్టె దగ్గర మొదలుపెట్టి కిటికీ కర్టెన్ పైమడతలోంచి వైరు నడుస్తుంది. అక్కడి నుంచి అటక అంచుకి తగిలించిన గుడ్డ గొట్టంలోంచి గుమ్మం కడ్డీకి చేరుతుంది. గుమ్మం కర్టెన్ అంచు మడతలోంచి కిందికి దిగి, చాప అంచుకి వేసిన పట్టీలో పాకుతూ నా బల్ల మీదికి వస్తుంది. గోడకి గీత కూడా పడదు. గుమ్మం కర్టెన్‌ని మాత్రం నా బల్ల ఉన్న వైపుకి లాగి ఒక పట్టీతో కట్టి గుండీ పెట్టేయాలి. దాన్ని ఎవరూ కదపకూడదు, క్లాసు జరిగేటప్పుడు నేను తలుపు మూయకూడదు, ఆయన మిషను తొక్కకూడదు, అంతే.

కొలతలన్నీ కలిపితే నాలుగు వందల పదమూడు అంగుళాలు వచ్చింది. మర్నాడు ఇంటర్నెట్ మనిషి వైరు చుట్టతో వచ్చి, "ఒక ఆరడుగులు ఎక్కువ ఉంచుకోండి సార్, ముందు ముందు అవసరం పడుతుంది," అన్నాడు.

"నాకు కొలతలు చెప్తావా?" అన్నారు మా ఆయన.

నేనూ అడిగాను. "ఏవండీ, పిల్లల బట్టలకి లోపల మడత వదులుతారు కదా, దీనికీ కొంచెం వదలండి."

"పిల్లలు ఎదుగుతారు. గోడ ఎదుగుతుందా? వదులుగా వేలాడే వైరు, వదులుగా వేలాడే చొక్కా, రెండూ నా చేతి కింద ఉండవు. బాడీ ఫిట్ రావాలి," అన్నారు. సరిగ్గా నాలుగు వందల పదమూడు దగ్గర సుద్దతో గీత గీశారు. కొయ్యడానికి మాత్రం బట్టల కత్తెర ముట్టనివ్వలేదు. ఆ కత్తెరతో కాగితం కోసినందుకే ఒకసారి నాతో రెండు రోజులు మాట్లాడలేదు ఆ మహానుభావుడు. నా వంటింటి చాకు తీసుకుని దాని పదును సర్వనాశనం చేశారు. ఇంటర్నెట్ మనిషి రెండు చివరలా ప్లాస్టిక్ తలలు బిగించి, మాకు మంచి జరగాలని కోరుకునేవాడిలా తల ఊపుతూ వెళ్ళిపోయాడు.

మూడు రోజులు స్కూలు యూనిఫాంలు పక్కన పడేసి మా ఆయన ఇల్లు కుట్టారు. గోడ రంగుకి సరిపోయే గుడ్డ కోసం ఆకుపచ్చలో ఏడు ముక్కలు తెచ్చి, ఒక్కొక్కటీ గోడకి ఆనించి, పొద్దునోసారి, మధ్యాహ్నమోసారి చూశారు. ఎదురింటి మాస్టారు ప్యాంటు కోసం వస్తే ఆయన్ని కూడా నిలబెట్టి, "ఈ గుడ్డ ఎక్కడుందో కనిపెట్టండి," అన్నారు. పాపం మాస్టారు గోడంతా వెతికి, ప్యాంటు సంగతి మరిచిపోయి వెళ్ళిపోయారు. చివరికి గుమ్మం కర్టెన్‌కి పట్టీ, గుండీ మిగిలాయి. ఆయన చాప అంచు పట్టీకి ఆఖరి కుట్లు వేస్తున్నారని ఆ గుండీ నేను వేశాను.

బుధవారం క్లాసు వెన్నలా సాగింది. ఒక్క అక్షరం ఆగలేదు. ఇల్లంతా తిరిగినా వైరు ఎక్కడుందో కనిపించదు. నాకు తెలిసిన నా ఇల్లే నన్ను మోసం చేసేంత నాజూగ్గా కుట్టారు. ఒకటే చిక్కు, కంప్యూటరుని అంగుళం కూడా జరపడానికి లేదు. వైరు సితారు తీగలా బిగుసుకుని ఉంది. "అందుకే అన్నాను బాడీ ఫిట్ అని," అన్నారు గర్వంగా. "వంగితే కుట్టు పగిలే బాడీ ఫిట్," అన్నాను నేను. ఆ రోజుకి ఇద్దరం నవ్వుకున్నాం.

గురువారం పదకొండయింది. భూకంపాల పాఠం. సూపర్‌వైజరమ్మ లైనులోకి వచ్చి కూర్చుంది. చెవులకి పెట్టుకునేదాంట్లో నాకు ఎడమ వైపుదే పనిచేస్తుంది, కుడి చెవి ఖాళీ. పది నిమిషాలు నా వేళ్ళు పరుగులు తీశాయి. అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఇంటావిడ! రోజూ పైకి వచ్చి వైరు కోసం వెతికి, కనపడక, అనుమానం ముదిరి, ఆ రోజు తాడో పేడో తేల్చుకోవడానికే వచ్చింది. చిల్లు లేకుండా వైరు లోపలికి వచ్చిందంటే ఆవిడ నమ్మదు. కట్టేసి ఉంచిన గుమ్మం కర్టెన్ వెనకే దాచామని తీర్మానించుకుంది.

"అమ్మగారూ, అది మాత్రం..." అంటూ మా ఆయన లేచేలోపే ఆవిడ కర్టెన్ పట్టుకుని ఒక్క లాగు లాగింది. గుండీ టప్పున ఊడి వంటింటి దాకా దొర్లుకుంటూ పోయింది. నా కంప్యూటరు వెనక వైరు తల పటుక్కున బయటికొచ్చింది.

ఆయన ఆ గుమ్మంలోంచి ఎలా దూకారో తెలియదు, నేల మీద జారుకుంటూ వచ్చి తలని మళ్ళీ లోపలికి తోశారు. లైను వచ్చింది. కానీ టిక్కుమని పట్టుకునే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగిపోయింది. చెయ్యి వదిలితే జారిపోతోంది. ఆయన నా బల్ల కింద చతికిలబడి, ఒక చెయ్యి పైకెత్తి దాన్ని అదిమి పట్టుకున్నారు. కట్టు ఊడిన కర్టెన్ బరువుకి పక్కకి జారబోయింది, అది జారితే వైరూ లాగుతుంది. "అమ్మగారూ, దండం పెడతాను, కర్టెన్ అక్కడే పట్టుకోండి!" అన్నారు గుసగుసగా. ఆవిడ ఏమనుకుందో ఏమో, పట్టుకుంది. పట్టుకుని ఊరుకుంటుందా!

ఆ తర్వాత జరిగింది నాకు నిజంగా తెలియదు. నేను తెర వైపు చూడటం లేదు, కళ్ళు మూసుకుని వింటూ కొడుతున్నాను, భయం వేస్తే నాకదే అలవాటు. చెవిన పడింది వేళ్ళలోంచి పోతోంది, అంతే. కాసేపటికి కళ్ళు తెరిచి చూస్తే తెర మీద ఇది ఉంది.

*లెక్చరరు:* ఈ పటాన్ని మూడు నిమిషాలు జాగ్రత్తగా చూడండి. తర్వాత ప్రశ్నలు అడుగుతాను.

*ఇంటావిడ:* చిల్లు ఎక్కడ దాచావో చూపించు నాయనా.

*మా ఆయన:* చిల్లు లేదమ్మగారూ, మీ గోడ మీద ఒట్టు.

*ఇంటావిడ:* లేకపోతే కర్టెన్‌ని దొంగని కట్టేసినట్టు ఎందుకు కట్టేశావు?

*మా ఆయన:* వైరు అందులోనే కుట్టానమ్మా. వదలకండి, వదలకండి, గుండీ ఊడిపోయింది.

*ఇంటావిడ:* టైలరు ఇంట్లో గుండీ ఊడుతుందా?

*మా ఆయన:* అది నేను వేసింది కాదు.

*ఇంటావిడ:* మరెవరు వేశారు?

*మా ఆయన:* నిశ్శబ్దం.

*ఇంటావిడ:* ఓహో. అది సరే, ఇల్లుగలదాన్ని వస్తే ఆవిడ తల తిప్పి కూడా చూడదేం? అంత పొగరా?

*మా ఆయన:* పొగరు కాదమ్మా, పరీక్ష. ఇవాళ ఈ లైను తెగితే ఆవిడ ఉద్యోగం పోతుంది.

*ఇంటావిడ:* పోతే నీ దగ్గరే కుట్టుకుంటుంది. కొంపేం మునిగింది?

*మా ఆయన:* అమ్మో, వద్దు. ఎనిమిది నెలలు ఆవిడ కుట్టిన కాజాలన్నీ తెల్లారుజామున లేచి విప్పి మళ్ళీ నేనే కుట్టుకున్నాను. ఆవిడకి తెలియదు. తెలిస్తే బాధపడుతుంది.

*ఇంటావిడ:* అంత ఘోరంగా కుడుతుందా?

*మా ఆయన:* ఆ చేతులు సూది కోసం పుట్టినవి కావమ్మా. టైపు చేసేటప్పుడు చూడండి వాటిని. పెళ్ళికి ముందు ఒక కాగితం టైపు చేయించుకోవాలని ఆ షాపుకి వెళ్ళాను. ఆ చేతులు చూశాక పని లేకపోయినా నెల రోజులు రోజూ వెళ్ళాను. సూది ఇచ్చి ఆ చేతుల్ని పాడు చేసింది నేనే. ఇప్పుడీ ఉద్యోగం కూడా పోతే నేను ఆవిడ మొహం చూడలేను.

*లెక్చరరు:* ఇక ప్రశ్నలు. ఈ రెండు పలకలూ ఎక్కడ కలుస్తున్నాయి?

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తెర మీద పడ్డదాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు. అక్కడ ఆ అమ్మాయి చదివేసింది, సూపర్‌వైజరమ్మ చదివేసింది. అందరికన్నా ఆఖరున చదివింది నేనే. అంత భయంలోనూ నాకు ఆ నెల రోజులూ ఆయన నాతో టైపు చేయించుకున్న అర్జీలు గుర్తుకొచ్చాయి. పాత మిషను పోయిందని ఒకటి, దొరికిందని ఇంకొకటి, మళ్ళీ పోయిందని మరొకటి. ఈ మనిషికి వస్తువుల మీద బొత్తిగా శ్రద్ధ లేదనుకున్నాను అప్పట్లో. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. లెక్చరరు పలకల గురించి చెబుతూనే ఉన్నారు, నేను కొడుతూనే ఉన్నాను.

ఇంకా నలభై నిమిషాల క్లాసు ఉంది. ఆ నలభై నిమిషాలూ మా ఆయన బల్ల కింద చెయ్యెత్తి కూర్చున్నారు, చెయ్యి మార్చుకునేటప్పుడు మాత్రం "అబ్బా" అన్నారు. అదీ రాశాను. ఇంటావిడ కర్టెన్ పట్టుకుని నిలబడింది. కాసేపటికి స్టూలు కాలితో దగ్గరికి జరుపుకుని కూర్చుంది, కర్టెన్ మాత్రం వదల్లేదు. ఖాళీగా ఉండలేక ఆ అంచు కుట్టుని వేలితో తడిమి తడిమి చూసింది.

క్లాసు ముగిసింది. సూపర్‌వైజరమ్మ గొంతు వినిపించింది. "లైను తెగింది మొత్తం మీద నాలుగు సెకన్లు. అది నేను ఒప్పుకుంటాను. కానీ భూకంపాల పాఠం మధ్యలో మీ ఇంటి గొడవ అంతా దిగిపోయింది."

"క్షమించండి మేడమ్," అన్నాను.

"ఒక్క అచ్చుతప్పు కూడా లేదు, ఆ మాట వేరే. నా ఫారంలో దీనికి గడి లేదు. క్లాసు ఆ అమ్మాయిది. ఆ అమ్మాయి ఏమంటే అదే," అంది.

ఎదురుచూశాం. తెర అడుగున ఆ అమ్మాయి ఏదో రాస్తున్నట్టు మూడు చుక్కలు కదులుతున్నాయి. ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి. రాజీనామా నేనే చేసేస్తే మర్యాదగా ఉంటుందా అని కూడా అనుకున్నాను. అంతలో వచ్చింది.

"మేడమ్, మా ఇంట్లో ఆరుగురం. వాళ్ళు రోజూ ఏదో ఒకటి వాదించుకుంటారు. పెదాలు కదలడం కనిపిస్తుంది, కోపాలు కనిపిస్తాయి, ఉన్నట్టుండి అందరూ నవ్వడం కనిపిస్తుంది. ఏమైందని అడిగితే 'ఏం లేదులే, తర్వాత చెప్తా' అంటారు. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. నాకు పందొమ్మిదేళ్ళు. ఒక ఇంట్లో గొడవ మొదటి నుంచి చివరిదాకా నాకు తెలియడం ఇదే మొదటిసారి. రెండుసార్లు చదువుకున్నాను. నాకు ఈ మేడమే ఉండాలి. ఇంతకీ గోడకి చిల్లు ఉందా, లేదా?"

"సోమవారం నుంచి రెగ్యులర్," అని సూపర్‌వైజరమ్మ లైను పెట్టేసింది.

నేను చెవికున్నది తీసి పక్కన పెట్టాను. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఇంటావిడ కర్టెన్ వదలకుండానే మెడ సాచి నావైపు చూసింది.

"ఏమైందమ్మా? ఏం రాసి ఉంది అందులో?" అంది.

నా నోటి దాకా వచ్చేసింది, 'ఏం లేదులెండి, తర్వాత చెప్తాను' అని. సగం మాట బయటికి వచ్చేసింది కూడా. దాన్ని అక్కడే మింగేసి, గొంతు సవరించుకుని, ఆ అమ్మాయి రాసింది మొదటి అక్షరం నుంచి చదివి వినిపించాను.

ఇంటావిడ ఖాళీగా ఉన్న చేత్తో కొంగు అందుకుంది. తర్వాత ముక్కు చీదుకుని, "చిల్లు లేదని రాయి. నేనే స్వయంగా చూశానని రాయి," అంది.

"ఇదిగో, కాస్త గట్టిగా చదువు," అన్నారు మా ఆయన బల్ల కిందనుంచి, ఇంకా ఆ వైరు తలని అదిమి పట్టుకునే. "నాకిక్కడికి సరిగ్గా వినపడలేదు."

నేను కుర్చీ దిగి ఆయన పక్కన నేల మీద కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి చదివాను.